రెండవ కృతిపై పడిన నింద : మెటాలికా వారి ‘రైడ్ ది లైట్నింగ్’

ఒక కవియొక్క తొలి కృతిని తూచుటకు లోకమువద్ద ముందుగా సిద్ధమైన తూనికరాయి యుండదు. రెండవ కృతి వెలువడునప్పటికి తొలి కృతియే ఆ రాయి యగును. తొలి కృతిలో ఏ గుణము మిక్కిలి ప్రకాశించెనో ఆ గుణమునే రెండవదానియందును వెదకుదురు. అది తగ్గినచో కవి క్షీణించె నందురు. మరియొక గుణము చేరినచో దారి తప్పె నందురు. ఈ న్యాయము కావ్యములకే కాక సంగీతకృతులకును చెల్లుచున్నది. అమెరికాదేశమున థ్రాష్ మెటల్ అను సంగీతశాఖకు ఆద్యులలో నొకరైన మెటాలికా బృందమువారు 1984లో వెలువరించిన రెండవ ఆల్బము ‘రైడ్ ది లైట్నింగ్’ విషయమున ఇది ప్రవర్తించిన తీరు విచారింపదగినది. ఆ బృందమును అంతకుముందు నెత్తిన బెట్టుకొన్న శ్రోతలలో కొందరే దానిని ద్రోహమని నిందించిరి. ఆ నింద ముఖ్యముగా ఏ పాటపై పడెనో ఆ పాటయే ఆల్బమునకు జీవస్థానమని నా యభిప్రాయము.

ఈ శాఖ నెరుగని పాఠకులకు దాని స్వరూపమును కొంత చెప్పవలసియున్నది. 1970 తరువాతి ఆంగ్ల హెవీ మెటల్ సంగీతములోని బరువును, పంక్ సంగీతములోని వడిని కలిపి 1980 తరువాతి తొలి సంవత్సరములలో ముఖ్యముగా కాలిఫోర్నియా యువకులు దీనిని రూపొందించిరి. గిటారునందలి మంద్రతంత్రిని అరచేతి అంచుతో నొక్కిపట్టి, నాదము సాగనీయక, అతిద్రుతముగా మీటుట దీని ప్రధానలక్షణము. డ్రమ్ములవాడు రెండు పాదములతోను వాయించును. గాయకుని కంఠము గానమునకంటె గర్జనమునకు దగ్గరగా నుండును. స్వరముల విషయమున, షడ్జమునకు వెనువెంటనే శుద్ధరిషభమును తాకుట ఈ శాఖలో తరచుగా కానవచ్చును; పాశ్చాత్యులు ఫ్రిజియన్ అను ఆ స్వరపంక్తి మన హనుమతోడి మేళమునకు సరిపోవును. ఇది స్వరస్థానముల సామ్యము మాత్రమే. గమకము లేని తోడి తోడి కానేరదు గనుక, వారు తోడి పాడుచున్నారని చెప్పుట పొరపాటు. కావ్యశాస్త్రపరిభాషలో జెప్పవలెనన్న ఇది ఓజోగుణప్రధానమైన రచన. వామనుడు చెప్పిన గౌడీరీతివలె పరుషము, దీప్తము. రౌద్రము దాని సహజరసము.

1981లో లాస్ ఏంజెలెస్ నగరమున ఏర్పడిన మెటాలికా బృందమునకు కీర్తి మొదట పత్రికలవలన గాని రేడియోవలన గాని రాలేదు. 1982లో వారు రికార్డు చేసిన నమూనాపాటల టేపు అభిమానుల చేతులమీదుగా ప్రతులకు ప్రతులై దేశదేశములకు బ్రాకెను. మన తాళపత్రగ్రంథములు లేఖకపరంపరవలన వ్యాపించినట్లే యని చెప్పవచ్చును. ఒక్కొక్క ప్రతికి నాదము మాసిపోవుచున్నను వినువారి యభిమానము పెరుగుచునే యుండెను. ఇట్లు చేతితో చేయి కలిపి నిలిపిన సంగీతముపై ఆ శ్రోతలకు ఒక విధమగు స్వామ్యబుద్ధి కలుగుట సహజము. తరువాత వారు వేసిన నిందను అర్థము చేసికొనుటకు ఈ విషయము గుర్తుంచుకొనవలెను. 1983 జులైలో మెగాఫోర్స్ అను చిన్న సంస్థ ప్రకటించిన తొలి ఆల్బము ‘కిల్ ’ఎమ్ ఆల్’ ఆ శ్రోతలు కోరినదే యిచ్చెను. దానిలోని పాటలలో మాటలాడువాడు దాదాపు ప్రతిచోటను దండెత్తువాడే. వెదకి చంపువాడు, దళముతో కదలువాడు, వేదికనెక్కి జనమును ఉర్రూతలూపువాడు. అట్టివానికి వడి చెల్లును. పరుగెత్తువాని పాట పరుగెత్తుట ఔచిత్యమే.

రెండవ ఆల్బమునకు వచ్చుసరికి పరిస్థితులు మారినవి. తొలి ఆల్బమునకు ముందే, 1983 ఏప్రిల్‌లో, గిటారు వాయించు డేవ్ మస్టెయిన్‌ను తొలగించి ఎక్సోడస్ బృందమునుండి కర్క్ హామెట్‌ను తెచ్చుకొనిరి. జేమ్స్ హెట్‌ఫీల్డ్ గాయకుడు, గిటారువాద్యకుడు; లార్స్ ఉల్‌రిక్ డ్రమ్ములవాడు; క్లిఫ్ బర్టన్ బాస్ గిటారువాద్యకుడు. ఈ నలుగురిలో బర్టన్ సంగీతశాస్త్రమును క్రమముగా నభ్యసించినవాడు. రెండు గిటారులు వేర్వేరు స్వరములలో నడచుచు ఒకే భావమును పలుకు విధానమును హెట్‌ఫీల్డ్ అతనివద్దనే గ్రహించెను. తొలి ఆల్బములోని పాటలు చాలవరకు బర్టన్, హామెట్లు చేరుటకు పూర్వము కట్టినవి. రెండవదానిలోనే ఈ నలుగురి సమష్టిప్రతిభకు తగిన యవకాశము లభించెను. మస్టెయిన్ కట్టిన కొన్ని ఖండములు ఇందును మిగిలియున్నవి. శీర్షికగీతమునందును, చివరి వాద్యరచనయందును కర్తృత్వమున అతని పేరు కలదు.

1984 జనవరిలో బోస్టన్ నగరమున వారి వాద్యపరికరములు చోరీ యయ్యెను. హెట్‌ఫీల్డ్ ప్రాణముగా జూచుకొను మార్షల్ ఆంప్లిఫయరు అందులో పోయెను. మరుసటి నెలలో వారు డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్ చేరి, స్వీట్ సైలెన్స్ అను స్టూడియోలో ఫ్లెమింగ్ రాస్‌ముసెన్ అను ధ్వనినిపుణుని సహాయమున రికార్డింగు ప్రారంభించిరి. ఉల్‌రిక్ జన్మదేశము డెన్మార్కే. 1981లో రెయిన్‌బో బృందపు ఆల్బము అక్కడ రూపొందెను. దాని ధ్వని వారికి నచ్చియుండెను. ధనము చాలదు. రాత్రులందు పనిచేసి పగలు స్టూడియోలోనే నిద్రించిరి. మార్చి మధ్యమున పని ముగిసెను. ఒక్క ఆంప్లిఫయరు పోయినందున కలిగిన లోపమును పూరించుటకు అక్కడ దొరకిన ఆంప్లిఫయర్లను పరీక్షించుచు కూర్చిన గిటారునాదము తొలి ఆల్బమునాదముకంటె గంభీరమై, దట్టమై యున్నదనుట విన్నవా రందరు నంగీకరింతురు. చోరుడు చేసిన యుపకార మనుటకు నోరు రాదు గాని, ఫలమును కాదనలేము.

ఇక కృతిని విచారింతము. ఎనిమిది రచనలు, మొత్తము నలువదియేడు నిముషములు. మొదటిదైన ‘ఫైట్ ఫైర్ విత్ ఫైర్’ మృదువైన తీగెవాద్యముతో, విద్యుత్తు సోకని గిటారు మోతతో ప్రారంభమగును. పాత శ్రోతలకు తొలి అనుమానము ఇక్కడనే పుట్టియుండును. అర నిముషము దాటి కొలది క్షణములకే ఆ మార్దవమును చీల్చుకొని వెలువడు వేగము తొలి ఆల్బములోని యే పాటకును తీసిపోదు. ఆ మార్దవమున్నందుననే ఈ పారుష్యము పరుషముగా తోచుచున్నది. విషయము అణుయుద్ధము. ఇరుపక్షములును ఒకరి నిప్పును మరియొకరి నిప్పుతో నెదుర్కొని లోకమును దహించుట. 1984లో, అమెరికా రష్యాల వైరము ముదిరియున్న కాలమున, ఇది వట్టి కవిసమయము కాదు.

రెండవది శీర్షికగీతము. ‘రైడ్ ది లైట్నింగ్’ అనగా మెరుపునెక్కుట. విద్యుత్కుర్చీలో మరణశిక్ష ననుభవించుటకు ఇది జాతీయప్రయోగము. స్టీఫెన్ కింగ్ వ్రాసిన ‘ది స్టాండ్’ నవలలో హామెట్ ఈ పలుకుబడిని చూచెను. 1890లో న్యూయార్కు రాష్ట్రమున మొదటిసారి ప్రయోగింపబడిన ఆ కుర్చీలో కట్టువడినవాడు ఇందు వక్త. మూడవదైన ‘ఫర్ హూమ్ ది బెల్ టోల్స్’ హెమింగ్వే 1940 నాటి నవలనుండి వచ్చినది. స్పెయిను అంతర్యుద్ధమున ఒక కొండపై చిక్కుకొని, ఆకాశమునుండి వచ్చు విమానములకు బలియగు కొందరు యోధుల కథాఘట్టము దానికి మూలము. ఘంటానాదముతో మొదలై, బర్టన్ బాస్ గిటారును వికృతనాదముగా మార్చి దిగువకు జారు స్వరములు పలికింపగా, పాట మంద్రగతిలో నడచును. ఆ నడక సేననడక కాదు, శవయాత్ర నడక. గానము మొదలగునప్పటికి పాటలో పెద్దభాగము గడచిపోవుట గమనింపదగినది. కొండమీదివారు వేచియున్నట్లే శ్రోతయు వేచియుండవలెను.

ఐదవదైన ‘ట్రాప్డ్ అండర్ ఐస్’ మంచుగడ్డలో సజీవముగా బిగుసుకొన్నవాని పలుకు. దీనిలోని కొంతభాగము హామెట్ ఎక్సోడస్ బృందములో నున్నప్పుడు కట్టినది. వడి యున్నను నాకు ఇది ఆల్బములో సామాన్యమైన రచనగా తోచును. అయినను వస్తువు చూడుడు : కుర్చీ, కొండ, మంచు. తొలి ఆల్బములో వేటగాడు మాటలాడెను. ఇందు వేటాడబడినవాడు, కట్టువడినవాడు, కదలలేనివాడు మాటలాడుచున్నాడు. వక్త మారెను గనుక గతియు మారవలసివచ్చెను. కాలుసేతులు కట్టినవానికి ఇరువది నాలుగు నిముషములు పరుగెత్తు పాట కట్టినచో అది అనౌచిత్యమే యగును. క్షేమేంద్రుడు ఔచిత్యమును కావ్యమునకు జీవితమనుటలోని యర్థ మిదియే. వేగము తగ్గెనని నొచ్చుకొన్నవారు వక్త మారిన సంగతిని గమనింపలేదు.

ఈ నేపథ్యమున నాలుగవ పాట ‘ఫేడ్ టు బ్లాక్’ను చూడవలెను. దాదాపు ఏడు నిముషముల రచన. విద్యుత్తు లేని గిటారు స్వరములను విడివిడిగా మీటుచుండగా దానిపై ఏకవాద్యము కరగి ప్రవహించును. హెట్‌ఫీల్డ్ గర్జింపక పాడును. వక్త బ్రతుకుపై ఆశ వదలుకొన్న యువకుడు. బోస్టన్ చోరీ తరువాత తనకు కలిగిన నిస్పృహ ఈ పాటకు ప్రేరకమని హెట్‌ఫీల్డే చెప్పెను. థ్రాష్ బృందము మెల్లని పాట పాడుట అదివరకు లేదు. కావున పాతవారు వీరు అమ్ముడుపోయి రనిరి. బజారు కొరకు, రేడియో కొరకు మెత్తబడి రనిరి. మరికొందరు వేరొక వైపునుండి, ఈ పాట యువకులను ఆత్మహత్యకు పురికొల్పు ననిరి.

రెండవ యాక్షేపణకు సమాధానము వినినవారే యిచ్చిరి. ఈ పాటవలన తాము ఒంటరివారము కామని తెలిసికొన్నామని శ్రోతలు వ్రాసిన లేఖలనుగూర్చి హెట్‌ఫీల్డ్ పలుమారు ప్రస్తావించియున్నాడు. మొదటి యాక్షేపణయే మనకు ముఖ్యము. పాట నిర్మాణమును పరిశీలింపుడు. ఇందు పల్లవి యనదగిన గానఖండము లేదు. ప్రతి చరణము తరువాతను పల్లవి రావలసిన చోట బరువైన గిటారుఖండము మాత్రము వచ్చి విరుగును. మాట ఆగిపోయిన చోట వాద్యము మూలుగుచున్నది. జనము కలిసి పాడుకొనుటకు వీలైన పల్లవి లేని పాటను రేడియోకు వలవేయుటకై కట్టి రనుట ఎట్లు పొసగును? మరియు చివర మూడవ వంతు రచన బలము పుంజుకొని, ద్రుతమై, హామెట్ వాదనముతో సాగి సాగి క్రమముగా మాసిపోవును. మెల్లదనము దీనికి ఆరంభమే గాని లక్షణము కాదు.

భరతుడు నాట్యశాస్త్రమున రసముల జన్యజనకభావమును చెప్పుచు రౌద్రమునుండి కరుణము పుట్టునని చెప్పెను. రౌద్రకర్మకు ఫలము కరుణమే గదా. మన సాహిత్యమున దీనికి దృష్టాంతము వెదకనక్కరలేదు. తిక్కన భారతమున యుద్ధపర్వములను, సౌప్తికమును దాటి స్త్రీపర్వము చేరిన పాఠకునకు యుద్ధవర్ణనములయందలి రౌద్రము అప్పుడుగాని పూర్తిగా బోధపడదు. స్త్రీపర్వములో యుద్ధము లేదని తిక్కనను నిందించినవా రెవరు? పోలిక స్థాయినిబట్టి కాదు, క్రమమునుబట్టి చెప్పుచున్నాను. అణ్వగ్ని, విద్యుత్కుర్చీ, కొండపై మరణము అను మూడు రౌద్రభయానకఖండముల తరువాత, రికార్డు మొదటి పార్శ్వమునకు చివర ఈ కరుణఖండమును నిలుపుట కేవలము కాకతాళీయముగా తోచదు. మొదటి మూడు పాటలలో మృత్యువు బయటినుండి వచ్చెను; నాలుగవదానిలో లోపలినుండి వచ్చెను. అది లేనిచో మిగిలిన మూడును భయంకరదృశ్యముల ప్రదర్శనముగా మిగిలిపోయెడివి. ఆనందవర్ధనుడు రసవిరోధములను లెక్కించుచు, పరిపుష్టినొందిన రసమును మరల మరల రగుల్చుట దోషమనెను. పాతశ్రోతలు ఆ దోషమునే కోరిరి.

అయితే ఆ నింద పూర్తిగా నిరాధారమా? కాదు. అది తప్పు పాటపై పడెను. ఆరవదైన ‘ఎస్కేప్’ను వినుడు. గతి మధ్యమము, పల్లవి సుగమము, భావము తన దారి తాను పోవుదునను సామాన్యమైన యౌద్ధత్యము. కట్టువడినవారి కథలనడుమ ఈ విడుదల ఎట్లు వచ్చెనో కథాక్రమములో కానరాదు. రేడియోకు అనువుగా కట్టిన పాట యిదియని బృందమువారే దానిని తరువాత చులకన చేసిరి. మెల్లనిది గనుక ‘ఫేడ్ టు బ్లాక్’ను అనుమానించిన చెవులు వడి కొంత యున్నది గనుక దీనిని దాటిపోనిచ్చెను. ఒకే గుణముతో తూచువారికి కలుగు ప్రమాద మిదియే. రాజీ యెక్కడ జరిగెనో అక్కడ వారికి కనబడలేదు.

ఏడవదైన ‘క్రీపింగ్ డెత్’ బైబిలు నిర్గమకాండమునందలి కథ. ఐగుప్తున ఇశ్రాయేలీయుల దాస్యము, చివరి యరిష్టముగా జ్యేష్ఠసంతానము మరణించుట. 1956 నాటి ‘ది టెన్ కమాండ్‌మెంట్స్’ చలనచిత్రమును చూచుచున్నప్పుడు ఈ పాట తలంపు పుట్టెను. ఆల్బములో ఇచ్చట వక్త మరల మారును. ఇంతవరకు చచ్చువారు మాటలాడిరి. ఇందు ప్రాకి వచ్చు మృత్యువే ఉత్తమపురుషలో మాటలాడును. వక్త మారగనే వడి తిరిగివచ్చుట చూడుడు. మధ్య నొకచోట గతి తగ్గి, చావు మను నర్థముగల ఒకే మాట సామూహికముగా పునరుక్తమగును. ఈ ఖండము హామెట్‌తో ఎక్సోడస్ పాటనుండి వచ్చినది. సభలలో వేలకొలది శ్రోతలు ఆ మాటను బృందముతో కలిసి అరతురు. తాము ఎవరి పక్షమున నిలిచి అరచుచున్నారో వారిలో నెందరు తలంతురో! నావరకు ఆ చోట వినునప్పుడు కొంత వెఱపు కలుగును. ఆ వెఱపు రచనకు లోపము కాదు.

ఎనిమిదవది ‘ది కాల్ ఆఫ్ కటూలు’, తొమ్మిది నిముషములకు కొలదిగా తక్కువైన వాద్యరచన. 1928లో ప్రకటితమైన లవ్‌క్రాఫ్ట్ కథనుండి పేరు గైకొని, అక్షరములు మార్చిరి. సముద్రగర్భమున నిద్రించు మహాభూతము మేల్కొనుట దాని వస్తువు. మాటలు లేవు. చచ్చువారు పలికిరి, మృత్యువు పలికెను. ఇక పలుకవలసినది మిగులలేదు. బర్టన్ బాస్ గిటారు ఇందు ఆధారస్వరమై యుండక, మధ్యమధ్య తానే కథ నడపును. బృందము 1999లో శాన్ ఫ్రాన్సిస్కో సింఫొనీ వాద్యబృందముతో మైకేల్ కామెన్ నిర్వహణమున దీనిని వాయించిరి. ఆ వాదనమునకు 2001లో గ్రామీ బహుమానము లభించెను. అప్పటికి బర్టన్ లేడు. 1986 సెప్టెంబరు 27వ తేదీన స్వీడన్ దేశమున బృందము ప్రయాణించుచున్న బస్సు బోల్తాపడి, ఇరువది నాలుగవ యేట మరణించెను.

ఆల్బము 1984 జులై 27వ తేదీన మెగాఫోర్స్ సంస్థచే వెలువడెను. రేడియోవారు దాదాపు ఉపేక్షించిరి. ఆగస్టులో న్యూయార్కునందలి ప్రదర్శనము చూచిన ఎలెక్ట్రా సంస్థ ప్రతినిధి వారిని తమ సంస్థకు చేర్చుకొనెను; నవంబరులో ఆల్బము ఆ పెద్దసంస్థ ముద్రతో మరల వెలువడెను. నిందించువారికి ఇది సాక్ష్యముగా చిక్కెను. కాని కాలక్రమము నెంచవలెను. పాటలు మార్చిలో ముగిసెను, ఒడంబడిక శరత్తులో జరిగెను. బేరము కుదిరినపిదప పాట మెత్తబడలేదు. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో నాడు అది నూరవ స్థానము దాటలేదు. 1987 నవంబరుకుగాని అయిదులక్షల ప్రతుల గుర్తింపు రాలేదు. అరువది లక్షలని 2012లో గుర్తించిరి. అమ్ముడుపోయినవారి అమ్మకము ఇట్లు మందగతిని సాగునా?

నిందించినవారిని వట్టి మూఢులని త్రోసివేయుట న్యాయము కాదు. టేపులకు ప్రతులు తీసి, ఎవరును ఎరుగని సంగీతమును తమదిగా చేసికొన్న వారు, అది పదుగురి పాలగునేమో యని భయపడిరి. ఆ భయములో మమకారమున్నది. 1991లో మెటాలికా తమ పేరనే ప్రకటించిన ఆల్బమును వినువారికి ఆ భయము సగము నిజమయ్యెనేమో యనిపింపవచ్చును. అది వేరొక చర్చ. 1984 నాటికి మాత్రము వారు ప్రమాణమునే పొరబడిరి. థ్రాష్ అనగా వడి యని వారు నిర్వచించిరి. ఆ నిర్వచనము ఎంతవరకు నిలుచునో స్లేయర్ బృందము చూపెను. 1986లో వారు ‘రైన్ ఇన్ బ్లడ్’ అను ఆల్బమున వేగమును పరాకాష్ఠకు చేర్చిరి. మొత్తము ఇరువది తొమ్మిది నిముషములే. అంతకుమించి పోవుటకు దారి లేక, 1988లో ‘సౌత్ ఆఫ్ హెవెన్’ను బుద్ధిపూర్వకముగనే మెల్లగా నడిపిరి. వడియందు అందరినీ మించినవారే మెటాలికా నాలుగేండ్లకు ముందు త్రొక్కిన బాటను వెదకుకొనవలసివచ్చెను.

పాటల పిదపటి చరిత్రను కూడ చెప్పవలసియున్నది. ‘ఫేడ్ టు బ్లాక్’ దశాబ్దములుగా వారి సభలలో వినబడుచునే యున్నది. నాడు నిందించినవారి బిడ్డలు దానిని కంఠస్థముగా పాడుచున్నారు. ‘ఎస్కేప్’ను మాత్రము ఇరువది యెనిమిదేండ్లు వేదికపై ముట్టలేదు. 2012లో అట్లాంటిక్ సిటీ నగరమున ఆల్బము నంతటిని వాయింపవలసివచ్చినప్పుడు, ఆ యొక్కసారికి, వాయించిరి.